రంగు పడని పైసగం

మా బాబాయి గోడలకు రంగులు వేస్తాడు. మా ముందుగది గోడకు మాత్రం కింది సగం కొత్త నీలం, పై సగం పాత సున్నం. నెల దాటినా అలాగే ఉంది. నానమ్మ రోజూ సాధిస్తూనే ఉంది.

పిన్నికి నెలలు నిండుతున్నాయి. పురుడు వచ్చేలోగా బాబాయి తన పేర జీవిత బీమా ఉండాలని పట్టుపట్టాడు. ఏజెంటుగారు వచ్చి కూర్చున్నారు. అడిగినవే కాదు, అడగనివి కూడా చెప్పాలన్నారు.

"కంపెనీ మీ మాట నమ్మి పాలసీ ఇస్తుంది. ముఖ్యమైన విషయం దాచారనుకోండి, రేపు అవసరానికి అది పనికిరాదు."

తనకు ఏ జబ్బూ లేదన్నాడు బాబాయి, గోడవైపు చూడకుండా.

అడగనివి చెప్పమన్నాక నానమ్మ ఊరుకుంటుందా? చిన్నప్పుడు బలపాలు తిన్నాడని, బల్లి కనబడితే ఇప్పటికీ మంచం ఎక్కేస్తాడని, గురక పెడితే పక్కింటివాళ్ళు గోడ కొడతారని ఏకరువు పెట్టింది. ఇవేవీ అక్కర్లేదండీ అన్నారు ఏజెంటుగారు, నవ్వాపుకుంటూ. నేను తలుపు వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఇదొక్కటి రాసుకో నాయనా. వీడికి ఒళ్ళు వంగదు. ఆ గోడ చూడు, పైన రంగు వెయ్యరా అంటే రేపంటాడు."

ఏజెంటుగారు గోడ చూశారు. మూలనున్న నిచ్చెన చూశారు. కలం ఆగింది. బాబాయి మొహం పాత సున్నంలా పాలిపోయింది.

"బద్ధకం కాదమ్మా. నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. పనిలో కూడా పైన మా జతగాడే వేస్తున్నాడు. చెబితే పాలసీ ఇవ్వరేమోనని..."

పిన్ని పొట్టమీద చెయ్యి వేసుకుని ఏజెంటుగారి వైపు తిరిగింది.

"రాసుకోండి అన్నయ్యగారూ," అంది. "దాచి తీసుకున్నది రేపు నాకెందుకు?"

నానమ్మ రెండు రోజులు బాబాయితో మాట్లాడలేదు. ఆవిడ కోపం పాలసీ గురించి కాదు. కన్నకొడుకు సంగతి పరాయి మనిషితో పాటు తనకూ అప్పుడే తెలిసిందని.

డాక్టరు చూసి, చెవిలో తేడా ఉందని మందులిచ్చారు, కొన్నాళ్ళు నిచ్చెన ఎక్కవద్దన్నారు. అదంతా చెప్పాకే పాలసీ వచ్చింది. కిస్తీ కాస్త ఎక్కువైంది గానీ, పురుటికి ముందే వచ్చింది.

గోడ పైసగం నేను వేశాను. నానమ్మ నిచ్చెన పట్టుకుంది. నీలం నాలుగు వంకరలు పోయింది. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా, వాళ్ళు కుర్చీలో కూర్చోకముందే, "ఆ పైది మా పిల్ల పని, ముందే చెబుతున్నా," అంటుంది నానమ్మ.

నేను మళ్ళీ తలుపు వెనక్కి వెళ్ళిపోతాను.