చుట్టకుదురు

మా అమ్మ జగ్గమ్మ గురించి ఒడిశా తీరాన మా ఆర్యపల్లిలో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు, తలెత్తి పరాయి మొహం చూడదని. అది పొగడ్త. కొత్త కోడళ్ళకు మా అమ్మను చూపించి బుద్ధులు చెబుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మ తల పైకి లేవదు, అంతే. గడ్డం వెళ్ళి గుండెకు ఆనుకుంది. ఎదుటి మనిషిని చూడాలంటే నడుము వెనక్కి విరిచి, గోడ పట్టుకుని నిలబడాలి. ఊరంతా కలిసి ఆ జబ్బుకు వినయమని పేరు పెట్టింది.

మా జాలరోళ్ళలో వల మగవాళ్ళది, గంప ఆడవాళ్ళది. గంప ఎత్తిన మగవాడిని చూసి నవ్వుతారు. పెళ్ళయి వచ్చింది మొదలు అమ్మ నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద చేపల గంపతో ఛత్రపురం నడిచేది. పాత చీర పేలికల్ని గుండ్రంగా చుట్టి కుట్టిన కుదురు అది. ఎన్ని పాతబడ్డాయో, ఎన్ని కొత్తవి కుట్టిందో. మెడ మాత్రం ఒక్కటే.

నేను బరంపురంలో పట్టుచీరల కొట్లో పని చేస్తాను. అమ్మ చేతిలో అన్నం ముద్ద నోటికి చేరేలోగా జారిపోతోందనీ, చదును నేల మీద కూడా కాళ్ళు తడబడుతున్నాయనీ తెలిశాక, నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అయ్య కూడా వచ్చాడు. డాక్టరు ఫిల్ము వెలుగుకు పెట్టి ఒడియాలో నిదానంగా చెప్పాడు. మెడ ఎముకలు అరిగిపోయి ముందుకు ఒరిగాయి. లోపల వెన్నుపాము నలిగిపోతోంది. ఆపరేషన్ చేసి, మరలూ కడ్డీలూ బిగించి మెడను నిలబెట్టాలి. ఆలస్యమైతే చేతులూ కాళ్ళూ పడిపోతాయి, పడిపోయాక తిరిగి రావు. అంతవరకూ మెడ కదలకుండా ఒక గట్టి పట్టీ వేశాడు. బరువు ముట్టుకోకూడదన్నాడు. మా అయ్య కాసులుకు ఒడియా నాకంటే బాగా వచ్చు. అన్నీ విని తలూపాడు.

ఆపరేషన్ దగ్గర పడిందని అమ్మను తీసుకెళ్ళడానికి ఊరెళ్ళాను. బస్సు దిగి నడుస్తుంటే, ఎదురుగా అమ్మ వస్తోంది. మెడకు ఆసుపత్రి పట్టీ. పట్టీ పైన తల. తల మీద కుదురు. కుదురు మీద గంప.

అరికాలి మంట నెత్తికెక్కింది. అయ్య వెనకే, చేతులు ఊపుకుంటూ వస్తున్నాడు. పైగా మొహం వెలిగిపోతోంది.

"సూసినావేటి గుంటా? కాలరు ఏసినాక తల నిలబడిపోనాది. గంప కుదురుగా కూకుంటంది. ఇంక కోయించడం దేనికే? ఒద్దని సెప్పేద్దుము."

"డాక్టరు ఏటన్నాడు? బరువు ముట్టుకోవద్దన్నాడా నేదా?"

"అది కాలరు నేనప్పటి మాట."

ఈ మనిషితో ఏం మాట్లాడను? మెడ కోసం ఇచ్చిన పట్టీ ఇతనికి గంప కోసం ఇచ్చినట్టు అర్థమైంది. నేను అమ్మ నెత్తి మీంచి గంప లాగేశాను. కవళ్ళ చేపలు రోడ్డంతా పడ్డాయి. అయ్య తిట్టాడు. నేనూ తిట్టాను. పక్కింటి గురువమ్మ వాకిట్లో చేప ఆరబెట్టడం ఆపి, కన్నతండ్రిని తిట్టే కూతురిని చూస్తూ బుగ్గ నొక్కుకుంది.

అమ్మ చేపలు మట్టి పాలవుతున్నాయని మెల్లగా చతికిలబడి ఏరబోయింది. ఒక చేపను పట్టుకుంది, జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపలు ఏరిన చెయ్యి అది. చచ్చిన చేపను పట్టుకోలేకపోయింది. వేళ్ళను మొహం దగ్గరకు తెచ్చుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"ఒలే హేమా," అంది. "ఎల్దుము. కోసీమను."

"నాను సెప్పేది ఇనవేటే?" అన్నాడు అయ్య.

అమ్మ వినలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కాం.

ఆపరేషన్ పొద్దున్న మొదలై మధ్యాహ్నం దాటింది. ముందు నుంచీ వెనక నుంచీ కూడా కోశారు. తర్వాత డాక్టరు నన్ను పిలిచి చెప్పాడు, మెడ ఇక వంగదు, పక్కకూ అంతగా తిరగదు, జన్మలో నెత్తిన బరువు పెట్టకూడదని. అమ్మను లేపి కూర్చోబెట్టినప్పుడు ఎదురుగా నా మొహం ఉంది. చాలాసేపు చూసింది. "బాగా సిక్కిపోనావే," అంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళూ నా కాళ్ళు చూసి నన్ను గుర్తుపట్టిన మనిషి.

గాయం మానాక ఇంటికి తీసుకొచ్చాను. చేతుల్లోకి పట్టు కొద్దికొద్దిగా వస్తోంది. వీధిలో అమ్మ నిటారుగా నడుస్తుంటే గురువమ్మే ముందుగా అంది, "జగ్గమ్మకి పొగరొచ్చీసినాది. తల దించదేటి?" అప్పుడు వినయం, ఇప్పుడు పొగరు. వీళ్ళ నోళ్ళు పడ.

మర్నాడు పొద్దున్నే పడవ వచ్చింది. అయ్య నిండు గంప మోకులతో ఈడ్చుకొచ్చి వాకిట్లో పెట్టాడు.

"ఒలే, మెడలో ఇనుం ఏసినారు గదా. మునపటి కన్నా గట్టిగుంటాది. ఇంక బయమేటి? నిండా ఒద్దులే, సగం గంపే ఎత్తు."

నేను నోరు తెరిచాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

మెడ తిరగదు కాబట్టి మనిషంతా తిరిగి అయ్యకు ఎదురుగా నిలబడింది. కళ్ళలోకి చూసింది. అలా చూడటం అయ్యకు అలవాటు లేదు, ఒక అడుగు వెనక్కి వేశాడు. మేకుకున్న చుట్టకుదురును అమ్మ రెండు చేతులా తీసి, తెచ్చి అయ్య నెత్తిన పెట్టింది.

"నీ మెడ ఇనుం నేకుండానే తిన్నగుంది గదేటి. ఎత్తు."

పక్కింటి వాకిట్లో గురువమ్మ నవ్వబోయింది. అమ్మ అటు కూడా తిరిగింది. నవ్వు ఆగిపోయింది.

అయ్య నా వైపు చూశాడు. గంప నెత్తికెక్కాలంటే రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. నేను వేశాను. ఒక్క చేప కూడా తీయకుండా, నిండు గంపే ఎత్తాను.