పట్టినోళ్లకే తలకాయ

ఇన్నయ్య ఇంట్లో చేపల పులుసుకు ఒక చట్టం ఉంది: పట్టినోళ్లకే తలకాయ. వాళ్లమ్మ పెట్టిన చట్టం అది. ఆవిడ పరలోకానికి వెళ్లినా చట్టం మాత్రం పెనుబల్లిలోనే ఉండిపోయింది. లంకాసాగర్ చెరువు గట్టు మీద గాలం వేసేది ఇన్నయ్యే కాబట్టి, రవ్వ తలకాయైనా బొచ్చె తలకాయైనా ముప్ఫై ఏళ్లుగా ఆయన కంచంలోకే. పొలుసు తీసి, కడిగి, పులుసు పెట్టే భార్య విశ్రాంతమ్మకు తోకముక్క. తానూ గాలం వేస్తానని ఆమె అడగకపోలేదు. "ఆడోళ్లు గట్టు మీదుంటే చేప ఎర ముట్టదే" అని ఇన్నయ్య తేల్చేశాడు. చేపలు ఆ సంగతి ఆయనకెప్పుడు చెప్పాయో మనకు తెలియదు.

అందుకే విశాఖలో నర్సుగా పనిచేసే కూతురు తబిత ఫోన్ చేసి, "సముద్రంలోకి తీసుకుపోయి గాలం వేయించే బోటు ఉందమ్మా, మన ముగ్గురికీ బుక్ చేసిన" అనగానే విశ్రాంతమ్మ మనసు గంతులేసింది. సముద్రానికి గట్టు లేదు కదా. ఒక్క చేప పట్టాలి, దాని తలకాయ తన కంచంలో పడాలి. బడిలో రెండొందల మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మనిషి ఆ రోజు సాంబారులో రెండుసార్లు ఉప్పు వేసింది.

అనుకున్న రోజు పొద్దున ఆరింటికి బోటెక్కారు. కెప్టెన్ ఉదయ్ భాస్కర్ ముగ్గురికీ లైఫ్ జాకెట్లు తొడిగి, వాంతులు రాకుండా మాత్రలిచ్చాడు. ఇన్నయ్య మాత్ర వద్దన్నాడు.

"ముప్ఫై ఏండ్లు ఆర్టీసీ బస్సు నడిపిన. ఘాట్ రోడ్డు మీద బస్సంతా కక్కుతుంటే నాకు తల గూడ తిరగలే. నాకు మాత్రేంది?"

అంటూనే సంచిలోంచి తవుడు, వేరుశనగ చెక్క కలిపి పిసికిన ఎరముద్దలు బయటికి తీశాడు. కెప్టెన్ నవ్వాపుకుని తళతళలాడే ప్లాస్టిక్ చేపను చూపించాడు.

"ఇక్కడ బోటు ఆగదు సార్. మనం పోతుంటాం, వెనకాల ఇది ఈదుకుంటూ వస్తుంది. చిన్నచేప పారిపోతోందనుకుని పెద్దచేప తరుముతుంది."

"ఇంజిన్ గింత మోత పెడుతుంటే చేపెట్ల వస్తది? గట్టు మీద నేను దగ్గు గూడ ఆపుకుంట."

"వస్తుంది సార్. ఇంకో మాట వినండి. చేప పడగానే రాడ్ ఎవరందుకుంటే చేప వాళ్లది. మధ్యలో ఇంకొకరు రాడ్ గానీ రీలు గానీ దారం గానీ ముట్టుకుంటే ఎవరూ పట్టినట్టు కాదు. ఈ ఆటకి అదే రూలండి."

"మంచి రూలు" అంది విశ్రాంతమ్మ, ఎవరూ అడక్కుండానే.

మొదటి వంతు ఇన్నయ్య తీసుకున్నాడు. గంట తిరక్కుండానే ఆయన ముఖం పాలిపోయింది. బోటు అంచు పట్టుకుని, తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పించుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఇడ్లీలల్ల సోడా ఎక్కువైంది" అని ఓ పక్క సణుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే, బోటు వెనక బిగించి ఉన్న రాడ్ రీలు కర్రుమని మోగింది. తబిత ఫోనులో వీడియో తీస్తోంది. ఖాళీగా ఉన్నవి విశ్రాంతమ్మ చేతులే. ఒక్క ఉదుటున రాడ్ అందుకుంది.

"పైకి లేపండి అమ్మగారూ, దించుతూ రీలు చుట్టండి" అని కెప్టెన్ కేకేశాడు.

గంగాళంలో అన్నం కలియబెట్టే మనిషికి అదొక లెక్కా? నడుం వెనక్కి వాల్చి లేపింది, వంగుతూ చుట్టింది. ఇన్నయ్య మూతి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఇటియ్యే, నీకు రాదు."

"ముట్టుకుంటే చేప మీదీ కాదు, అమ్మగారిదీ కాదు సార్" అన్నాడు కెప్టెన్.

ఇన్నయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. చేప దగ్గరికి వచ్చినట్టే వచ్చి బోటు కిందికి దూరింది. విశ్రాంతమ్మ ముంజేతులు పట్టేశాయి. పాదాలు జారుతున్నాయి. ఇక తన వల్ల కాదేమోనని భయపడింది. తల తిప్పి చూస్తే మొగుడి చెయ్యి రాడ్‌కు బెత్తెడు దూరంలో ఉంది. ఆయనది పాపం ఆశ కాదు, ఆదుర్దా.

"అక్కడ ముట్టకు. నా నడుం పట్టుకో" అంది.

కూతురి ముందు, పరాయి మనిషి ముందు అనాల్సిన మాటేనా అది? ఇన్నయ్య చెవులదాకా ఎర్రబడి కెప్టెన్ వైపు చూశాడు. రూల్లో నడుం సంగతి లేదన్నాడు కెప్టెన్. ఇన్నయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ దన్నుతో విశ్రాంతమ్మ మళ్లీ లేపింది, చుట్టింది, లేపింది, చుట్టింది. నీళ్లలోంచి వెండిలా మెరుస్తూ వంజరం చేప పైకొచ్చింది. కెప్టెన్ కొక్కెం వేసి లోపలికి లాగాడు. పదకొండు కిలోలు తూగింది.

విశ్రాంతమ్మకు పట్టపగ్గాలు లేవు. ప్రభువుకు స్తోత్రం చెప్పింది, చేపకు దండం పెట్టింది, కెప్టెన్ బుగ్గలు పుణికింది, లైఫ్ జాకెట్‌తోనే గిరగిరా తిరిగింది. ఇన్నయ్య కూడా నవ్వాడు, అప్పటికీ ఆమె నడుం వదలకుండా.

మధ్యాహ్నం హార్బరు పక్క మెస్సులో ఆ చేపనే పులుసు పెట్టించారు. వడ్డించే మనిషి, పెద్దాయన కదాని, కంచం నిండా ఉన్న తలకాయ తీసుకొచ్చి ఇన్నయ్య ముందు పెట్టాడు. విశ్రాంతమ్మ కళ్లు ఆ కంచం వెంటే పోయాయి. ఇన్నయ్య తలకాయ వంక చూశాడు. గుటక మింగాడు. కంచాన్ని మెల్లగా ఆమె ముందుకు జరిపి, తోకముక్క ఉన్న ఆమె కంచం తన ముందుకు లాక్కున్నాడు.

ఆమె బుగ్గకండ ఒలుచుకుంది. ఒక కన్ను చప్పరించింది. లోకంలో ఇంత రుచి ఉంటుందా అనిపించి, ఎవరున్నారని చూడకుండా గట్టిగా నవ్వేసింది.

ఇన్నయ్య తోకముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, నమిలాడు.

"ఏందే ఇది, తోకముక్క గిట్ల వట్టి పీచులెక్కుంది?"

"ముప్ఫై ఏండ్ల సంది గట్లనే ఉంది."

ఇన్నయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"తినయ్యా, సల్లారితే ఇంకా గొంతు దిగదు" అంది విశ్రాంతమ్మ, రెండో కన్ను నోట్లో వేసుకుంటూ.