చేపు

"ఆ గ్లాసుడు పాలు పిండేదానికి ఇంతసేపా? ఈడ పెనం కాగిపోతాండాది," అంది అత్త ఆనందమ్మ తలుపు బయటి నుంచి.

కృపారాణి గ్లాసు మీద మూత పెట్టి, నైటీ సర్దుకుని వంటింట్లోకి వచ్చింది. దోసెలు పోసి, భర్తకు క్యారియర్ కట్టి, బిడ్డ గుడ్డలు ఉతికి ఆరేసి, తడి చేతులతోనే పుత్తూరు బస్టాండుకు పరిగెత్తింది. శ్రీసిటీ పోయే కంపెనీ బస్సు ఎవరి కోసమూ ఆగదు.

ఇంజనీరింగు మూడో ఏడాదిలో ఆమెకు పెళ్ళయింది. నాలుగో ఏడాదిలో నిస్సీ పుట్టింది. చివరి సెమిస్టరుకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నప్పుడు భర్త సుందరరాజు, "సర్టిఫికెట్టే కదా. తిరపతిలో తెలిసినాయన ఉండాడు. నువ్వు ఇంట్లో కూసో, నేను తెచ్చిస్తా," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆమెకు కావలసింది కాగితం కాదని చెప్తే అతనికి అర్థమయ్యేది కాదు. చిన్నప్పుడు కార్వేటినగరంలో మిద్దె మీద నిలబడి ఆకాశంలో రాకెట్ గీసిన గీత చూసిన పిల్ల ఆమె. శ్రీసిటీలో చిన్న శాటిలైట్లు తయారుచేసే ఒక కంపెనీ పెట్టిన పరీక్ష రాసి నెగ్గి, నాలుగు నెలల బిడ్డను అత్త ఒళ్ళో పెట్టి బస్సెక్కింది.

అక్కడ శాటిలైటు బియ్యం డబ్బా అంత ఉండేది. దుమ్ము చొరని గదిలో, తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు తొడుక్కుని, దాని తీగలను కట్టలు కట్టి ఒక్కో కొననూ పరీక్షించడం ఆమె పని. ఆ పనిలో ఉన్నంతసేపూ పెనమూ బస్సూ ఏవీ గుర్తొచ్చేవి కావు. ఎన్నాళ్ళకో దొరికిన సుఖం అది. కానీ మనసు మరిచినా ఒళ్ళు మరిచేది కాదు. పొద్దెక్కేసరికి పాలు చేపుకొచ్చి రొమ్ములు రాళ్ళయ్యేవి. సూటు విప్పి, బాత్రూములో నిలబడి, బిడ్డ తాగాల్సిన పాలను వాష్‌బేసిన్‌లోకి పిండి కుళాయి తిప్పేది. కన్నీళ్ళొస్తే వాటినీ ఆ నీళ్ళతోనే కడుక్కుని, మళ్ళీ సూటు తొడుక్కుని లోపలికి పోయేది.

"మళ్ళా బయటికా? నీతో సేరిన ఆ పిల్లోళ్ళను సూడు, తినేదానికి తప్ప కదల్రు," అన్నాడు ఒకరోజు పని నేర్పే ఇంజనీరు మునిశేఖర్.

"పాలు పిండుకునేదానికి ఒక గది, పెట్టుకునేదానికి ఫ్రిజ్జు సూపిస్తే బిరీన వచ్చేస్తాను సార్."

అతను ఆమె మొహం చూడకుండా, "ఇది ఆస్పత్రి కాదు కదమ్మా," అన్నాడు.

తరవాత ఒకరోజు పరీక్ష మధ్యలో ఆమె బయటికి రాలేకపోయింది. తెల్ల సూటు మీద రెండు తడి మచ్చలు పడ్డాయి. తోటి కుర్రాళ్ళు తలలు తిప్పుకున్నారు. "లోపల తేమ పనికిరాదని తెలుసు గదా. ఇట్లాంటివి ముందే సెప్పాల," అన్నాడు మునిశేఖర్. ఆ పూట నుంచే ఆమెను బయట బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కుర్రాళ్ళు చెప్పే అంకెలు టైపు చేయాలి. తను కట్టిన తీగల కట్టలను వాళ్ళు పరీక్షిస్తుంటే అద్దంలోంచి చూసింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చీ రాగానే బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. నిస్సీ మొహం తిప్పుకుని గుక్కపట్టింది. ఆనందమ్మ వచ్చి సీసా నోటికి పెడితే గుటగుటా తాగింది.

"ఎప్పట్నించి అత్తా, డబ్బాపాలు?"

"మొదుట్నించే. నీ గ్లాసుడు పాలు ఏ మూలకొస్తాయి? సెప్తే పోకుండా నిలిచిపోతావని సెప్పలా."

కోప్పడాలో దండం పెట్టాలో కృపారాణికి తెలియలేదు. సుందరరాజు ఫోన్లోంచి తల ఎత్తి, "పోనీలే రాణీ, మంచిదే అయింది. ఇంక నీకు ఇబ్బంది ల్యాదు," అన్నాడు. ఎవరికి మంచిదైందో ఆమె అడగలేదు.

పాలు గడ్డకట్టి జ్వరం తగిలింది. పాలు ఇంకేందుకు ఆనందమ్మ మల్లెపూలు తెచ్చి కోడలి రొమ్ముల మీద పరిచి, పాత చీర పీలికతో బిగించి కట్టింది. "నీ మొగుడు పుట్టినప్పుడు నేనూ ఇట్నే కట్టుకున్నా," అంది ముడి వేస్తూ. "మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. ఆడ గూడా పాలు పిండేదానికి గది ల్యాదు. ఆ మాట ఎవురికీ సెప్పలా."

పక్కగదిలో బిడ్డ నిద్రలో చప్పరిస్తోంది.

జ్వరం తగ్గి, పాలు ఇంకిపోయాక కృపారాణి మునిశేఖర్ ముందు నిలబడింది. "నన్ను మళ్ళా లోపల పనికి పంపండి సార్."

అతను నసిగాడు. "అదేనమ్మా... నీకు ఆ ఇబ్బంది..."

"పాలు సార్. ఇంకిపోయినాయి."

అప్పటిదాకా అక్కడ అందరి ముందూ ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కుర్రాళ్ళు తలలెత్తారు. మునిశేఖర్ ఊపిరి పీల్చుకుని, "అయితే ఇంక సమస్యేం లేదు. పోయి సూటు ఏసుకో," అన్నాడు.

"నాకు సమస్య లేదు సార్," అంది కృపారాణి. "నా తరవాత ఇంకొకామె వస్తాది, పాలిచ్చే తల్లి. ఆమెకు ఒక గది సూపించేదాకా దినామూ వచ్చి మిమ్మల్ని అడుగుతాను."