ఎర్రర్ మెసేజ్‌లో ఒక ఫోన్ నంబరు

స్టాలు ముందు తమ్ముడు, పరదా వెనక అక్క. ఎన్ని ఎగ్జిబిషన్లు తిరిగినా వాళ్ళిద్దరి ఏర్పాటు ఇదే. ముందు బల్ల, బల్ల మీద తళతళలాడే స్క్రీను, పక్కన నిలువెత్తు బ్యానరు. పరదా వెనక ఖాళీ అట్టపెట్టెలు, సగం తాగిన నీళ్ళ సీసాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీలో ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆమె కూర్చునేది.

తమ్ముడిని ఇంట్లో అందరూ లౌడ్‌స్పీకరు అంటారు. పిలిచేవాళ్ళకి ముద్దు, వినేవాళ్ళకి శిక్ష.

"రండి సార్, రండి! డయాలసిస్ సెంటరా మీది? అయితే మీ తలనొప్పి ఇవాళ్టితో సరి. ఏ పేషెంటు ఎప్పుడు రావాలి, ఏ మెషీను ఎప్పుడు ఖాళీ అవుతుంది, అంతా మా 'వరుస' చూసుకుంటుంది. ఖరీదంటారా? ఏమీ లేదు! ఓపెన్ సోర్స్ సార్. లోపలి కోడంతా బార్లా తెరిచిపెట్టాం. తీసుకోండి, మార్చుకోండి, పక్కవాళ్ళకి పంచిపెట్టండి. అడిగేవాడు లేడు."

"పేషెంటుకి ముందురోజు మెసేజ్ వెళ్తుందా?"

"ఇప్పటికైతే వెళ్ళదు గానీ, అదెంత పని సార్! మా అక్క కూర్చుందంటే వారంలో అయిపోతుంది."

పరదా వెనక అక్క పళ్ళు నూరుకుంది. మాట ఇచ్చేది వాడు, నిద్ర మానుకునేది తను. పోయిన ఎగ్జిబిషన్లో వాడు ఇలాగే నవ్వుతూ పారేసిన మాటలు ఇంకా ఆమె నెత్తిమీదే ఉన్నాయి.

అప్పుడే ఒళ్ళోని మీటల ఫోను మోగింది.

ఆ ఫోను సంగతి చెప్పాలి. 'వరుస' పుట్టిన కొత్తలో దాన్ని వాడేది ఆమె మేనత్త డయాలసిస్‌కు వెళ్ళే ఒక్క సెంటరే. అక్కడి నర్సమ్మలు కంప్యూటరంటే బెదిరిపోయేవారు. పాపం అనిపించి, ప్రోగ్రాం ఎక్కడైనా ఆగిపోతే స్క్రీను మీద వచ్చే ఎర్రర్ మెసేజ్‌లో "కంగారు పడకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాసి, తన నంబరు పెట్టింది. ఎంత తెలివి! ఆ సెంటరు నుంచి ఇంకో సెంటరు కాపీ చేసుకుంది, దాన్నుంచి మరొకటి. ఉచితంగా దొరికేదానికి కాళ్ళొస్తాయి. నంబరు తీసేసి కొత్త వెర్షన్ ఎప్పుడో ఇచ్చింది, ఆ ఆగిపోయే జబ్బు కూడా అందులో నయం చేసింది. కానీ నడుస్తున్నదాన్ని కదపాలంటే ఆసుపత్రుల వాళ్ళకు గుండె దడ. పాత కాపీలే పిల్లలు పెట్టాయి. ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఆమెకే తెలియదు. తెలియనివాళ్ళ దగ్గర నుంచి దేన్ని వెనక్కి లాక్కుంటుంది? నంబరు మార్చేద్దామంటే, అవతల పేషెంట్లు మంచాల మీద ఎదురు చూస్తుంటారు.

"హలో, మేడమ్! స్క్రీను బిగుసుకుపోయిందండీ!"

"ప్రింటర్లో కాగితం అయిపోయిందా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"ముందు ప్రింటరు ఆపండి. ఆ తర్వాతే స్క్రీను మీది కిటికీ మూయండి. తిరగేసి చేశారంటే ఇవాళ్టి పేర్లన్నీ ఎగిరిపోతాయి. ఆఁ... ఇప్పుడు మళ్ళీ తెరవండి. వచ్చిందా?"

"వచ్చేసింది! మీరు చల్లగా ఉండాలమ్మా!"

ఆ దీవెన వింటే ఒకప్పుడు కడుపు నిండేది. ఇప్పుడు ఊపిరి సలపడం లేదు. స్నానాల గదిలో, బస్సులో, ఆఖరికి మేనత్త పోయిన రోజు ఏడుస్తూ కూడా ఆమె ఇదే పాఠం చెప్పింది. మీటింగుల మధ్యలో లేచి వెళ్ళిపోతోందని పాత ఆఫీసువాళ్ళు మర్యాదగానే సాగనంపారు. ఎన్నాళ్ళో తిరిగితే ఇప్పుడొక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. తరగతి గదిలో ఫోను ఎత్తితే ఊరుకోబోమని ప్రిన్సిపాల్ ముందే చెప్పింది. ఇది కూడా పోతే మళ్ళీ ఎవరిస్తారు?

అందుకే ఒక నిర్ణయానికి వచ్చింది. భోజనాలయ్యాక సమావేశం హాల్లో 'వరుస' మీద ఆమె ప్రసంగం ఉంది. ఇక నా వల్ల కాదు, మానేస్తున్నానని అక్కడే అందరి ముందూ చెప్పేస్తుంది. తమ్ముడికి మాత్రం ముందుగా చెప్పడం న్యాయమనిపించి, పరదా వెనక్కి పిలిచి చెప్పింది.

లౌడ్‌స్పీకరు గొంతు పరదా దాటింది.

"ఇవాళే చెప్పాలా? పెద్ద ఆసుపత్రి వాళ్ళు వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నారక్కా! వాళ్ళు తీసుకుంటే వాళ్ళ సెంటర్లన్నిట్లోనూ మనదే."

"అదేరా నా భయం."

"మరి పేషెంట్లేమైపోవాలి?"

ఇదిగో, ఈ ఒక్క ప్రశ్నే. భర్త దగ్గర గొంతు చించుకున్నా, దేవుడి దగ్గర మొర పెట్టుకున్నా చివరికి ఈ ప్రశ్న దగ్గరే ఆమె నోరు మూతపడేది. మంచిపని చేస్తున్న మనిషికి బయటికి వెళ్ళే తలుపుండదు కాబోలు. చెడ్డపనైతే ఎప్పుడు మానేసినా మెచ్చుకునేవారు.

"నువ్వు కావాలంటే కొన్నాళ్ళు రెస్టు తీసుకో," అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "ఫోను మాత్రం దగ్గర పెట్టుకో."



హాలు నిండింది. తమ్ముడు మైకు అందుకుని అక్కను ఆకాశానికెత్తాడు. ఆమె వేదిక ఎక్కి "నమస్కారమండీ" అనగానే హాలంతా గుసగుసలు. "అదే గొంతు! ఆవిడే!" అంటూ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు.

"మీలో నాకెప్పుడైనా ఫోన్ చేసినవాళ్ళు చేతులెత్తండి," అంది.

చేతులు లేచాయి. ఆ వరస, ఈ వరస, గోడవారగా నిలబడ్డవాళ్ళు కూడా. ముందు సిగ్గుగా నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత లేచి నిలబడి కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె మనసు కరిగి, ఆ వెంటనే కుంగిపోయింది. తిట్టేవాళ్ళనైతే వదిలించుకోవచ్చు, ఇంత ప్రేమను ఎలా తోసుకుని వెళ్ళడం? ముందు వరసలో పెద్ద ఆసుపత్రి మనిషి తమ్ముడి వైపు తిరిగి మెచ్చుకోలుగా తల ఊపాడు.

అది చూసి ఆమెకు తెగువ వచ్చింది.

"నేను 'వరుస' మానేస్తున్నానండీ. ఇవాళే ఆఖరు. కోడు మీ అందరిదీ, ఎప్పట్నుంచో మీదే. ఎవరైనా చూసుకోవచ్చు. ఫోను మాత్రం ఇక నేను ఎత్తను."

చప్పట్లు కొట్టిన చేతులు కిందికి జారాయి. "మరి మా గతేంటి మేడమ్?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కోపంగా కూడా కాదు, తప్పిపోయిన పిల్లాడిలా.

మీటల ఫోను మోగింది.

మైకు పక్కనే ఉండడంతో ఆ మోత హాలంతా వినిపించింది. ఆమె చెయ్యి అలవాటుగా ఫోను మీదికి వెళ్ళింది. వేలు మీట దాకా వెళ్ళి ఆగింది. రెండడుగులు వేసి, మోగుతున్న ఫోను తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టింది.

"మాటలు నీవే కదరా. నువ్వే చెప్పు."

"అక్కా, నాకేం తెలుసే!"

"ఇన్నేళ్ళూ పరదాకి అవతల నిలబడి విన్నావుగా."

ఆమె వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి తలుపు వైపు నడిచింది. మొహం ఎత్తి ఎవరినీ చూడలేదు. వెనక తమ్ముడు "హలో" అనడం వినిపించింది. వాడి గొంతు అంత చిన్నదిగా ఉండగలదని ఆమెకు తెలియదు.

"ఆ... బిగుసుకుపోయిందా అండీ? కంగారు పడకండి. ముందు... ముందు ఆ కిటికీ మూసేసి..."

తలుపు మీద చెయ్యి వేసిన ఆమె బిగుసుకుపోయింది. తప్పు! పేర్లన్నీ పోతాయి. ఎక్కడో ఒక వార్డులో ఎవరి వంతు ఎప్పుడో తెలియక గందరగోళమైపోతుంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఈ జన్మకింతే. తిరక్కపోతే? మెడ దానంతటదే సగం తిరిగింది.

"ముందు ప్రింటరు!"

అరిచింది ఆమె కాదు, హాలు. గోడవారగా ఉన్నవాళ్ళు, కళ్ళు తుడుచుకున్నావిడ, అందరూ ఒక్కసారే అరిచారు. "ప్రింటరు ఆపాకే కిటికీ!" అని ఇంకెవరో మళ్ళీ గట్టిగా చెప్పారు. చెప్పరూ మరి? ఒక్కొక్కరికీ విడివిడిగా ఆమే నేర్పింది. తనొక్కతే మోస్తున్నాననుకున్నది ఇంతమందికి కంఠతా వచ్చునని తెలిసి ఆమెకు కొండంత తేలికనిపించింది. పక్కనే కాస్త ఉక్రోషం కూడా. ఇన్నాళ్ళూ ఇంత తెలిసీ నాకే ఎందుకు ఫోన్ చేశారర్రా?

తలుపు తోసుకుని బయటపడింది.

స్టాలు నుంచి హాలు, హాలు నుంచి స్టాలు తప్ప ఆ ఎగ్జిబిషన్ భవనంలో ఆమెకు ఇంకేదీ తెలియదు. కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు నడిచింది. పక్క హాల్లో మూలగా ఒక చిన్న స్టాలు. తల నెరిసిన ఆయనొకడు ఒంటరిగా నిలబడి, ఆమెను చూడగానే ముఖమంతా వెలిగించుకున్నాడు.

"రండి మేడమ్! బ్లడ్ బ్యాంకుల కోసం రాశాను. పూర్తిగా ఉచితం. ఓపెన్ సోర్స్ అంటే తెలుసా అండీ మీకు?"

"కొంచెం తెలుసు," అంది. "మధ్యలో ఆగిపోతే ఎవరికి చెప్పుకోవాలి?"

ఆయన ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు బ్యానరు వైపు చూపించాడు. అడుగున, పేరుకంటే పెద్ద అక్షరాలతో ఒక ఫోన్ నంబరు.

"నాదేనండీ! ఏ వేళప్పుడు చేసినా నేనే ఎత్తుతాను," అన్నాడు గర్వంగా.

ఆయన జేబులో ఫోను మోగింది. "ఒక్క నిమిషం మేడమ్," అని నవ్వుతూ పరదా వెనక్కి వెళ్ళాడు.