సన్మానపత్రంలో లేని పేరు

శాలువా కప్పేముందు మెడలోంచి గిటారైనా తీయనివ్వరా, జరీ అంచు తీగల మీద పడి కిర్రుమంది, ఈ సభలో తన గిటారు పలికింది అదొక్కటే, ఇస్సాకు పళ్ళు బిగపట్టి నవ్వాడు, జర్మనీలోని బ్యోబ్లింగెన్ తెలుగువాళ్ళ ఉగాది సభ, పొద్దున పదింటి నుంచి పిల్లల డాన్సులు, పంచాంగం, స్పాన్సర్ల ప్రసంగాలు, ఒక్కటీ వదల్లేదు, తన ఇరవై నిమిషాలు మాత్రం ఆవిరైపోయాయి, కార్యదర్శి శశికాంత్ చెవిలో గొణుగుతున్నాడు, అంకుల్ ఏమనుకోకుండ్రి, హాలు చూసుకునే హౌస్‌మైస్టర్ రెండింటికల్లా హాలు ఖాళీ చెయ్యమంటున్నడు, ఫుడ్ చల్లగైతున్నది, మీ పాట నెక్స్ట్ ఇయర్ పక్కా పెడదాం, వచ్చే ఏడట, గురువారం ఎడమచేతికి ఆపరేషన్ ఉంది బాబూ, ఆ తర్వాత వేళ్ళు తీగ నొక్కుతాయో లేదో డాక్టరమ్మే చెప్పలేకపోయింది అని వీడికి ఫోన్లో రెండుసార్లు చెప్పాడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నలభై ఏళ్ళు, హాంబుర్గ్ నుంచి మ్యూనిక్ దాకా, పొగ నిండిన నేలమాళిగల్లో బీరు గ్లాసులు పక్కన పెట్టి మరీ విన్నారు ఈ దేశంవాళ్ళు, లారీ డ్రైవర్లు తన బ్లూస్ పాటలు విని కళ్ళు తుడుచుకున్నారు, మనవాళ్ళ ముందు ఒక్కసారి, ఒక్క పాట, అంతేగా తను అడిగింది, అన్నం పెట్టకుండానే చెయ్యి కడిగించినట్టు పాట వినకుండానే సన్మానమా, పైగా తనకివ్వడానికి బల్ల మీద పెట్టిన గాజు జ్ఞాపికలో చెక్కింది వీణ బొమ్మ, వీణ, ఒళ్ళు మండిపోతోంది, దాన్ని నేలకేసి కొట్టి బయటికి నడిస్తే ఏం చేస్తారు, ఇంతలో శశికాంత్ మైకులో సన్మానపత్రం చదవడం మొదలుపెట్టాడు, చీరాలలో పుట్టి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెరికన్ సైనికుల రేడియోలో బ్లూస్ విని, గురువు లేకుండా స్వయంకృషితో, గురువు లేకుండానా, ఏ వెధవ రాశాడిది, శశికాంత్ చేతిలోంచి కాగితం లాక్కున్నాడు, అడుగున చిన్న అక్షరాలు, ఇస్సాకు గారి వెబ్‌సైట్ నుంచి, తను రాసుకున్నదే, పొల్లు పోకుండా.

ముందు వరసలో ఒక పెద్దావిడ లేచింది, బాలామణి, కూతురి పురిటికి ఒంగోలు నుంచి వచ్చిన మనిషి, పొద్దున తనకి కాఫీ ఇచ్చింది ఆవిడే, అదేందయ్యా, ఒక్క ముక్కన్నా పాడనీకుండా బట్ట కప్పేశారు, ఇదిగో నాయనా, నీకు నేర్పినోళ్ళెవరు, మీ ఇంట్లో ఎవరన్నా పాడేవోళ్ళా, అంతే అడిగింది, ఆ ముక్కతో పొగాకు ఘాటు గుప్పున ముక్కులోకి కొట్టింది, చీరాల పొగాకు కంపెనీలో ఆకు గ్రేడు చేసే ఆడవాళ్ళు, నలభై మంది, దగ్గుతూనే, అమ్మ ఒక చరణం అందుకుంటే మిగతావాళ్ళు బదులు పలికేవాళ్ళు, పొద్దు గూకదేమే అక్కా, అక్కా దగ్గర అమ్మ గొంతు పైకెళ్ళి, అక్కడ నిలవక, కాస్త కిందికి జారేది, ఆకుల గుట్ట మీద పడుకుని ఆ జారుడు వింటూనే తను నిద్రపోయేవాడు, ఇస్సాకు గొంతులో ఆ జారుడు ఎక్కడిది అని జర్మన్ పేపర్లు ఎన్నిసార్లు రాశాయో, స్టుట్‌గార్ట్‌లో మొదటి ఇంటర్వ్యూలో విలేకరి సూటిగానే అడిగాడు, పొగాకు కూలి మా అమ్మ అనడానికి సిగ్గేసింది, సైనికుల రేడియో అన్నాడు, అది బాగా అతికింది, ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే చెప్పాడు, అమ్మ పోయిన ఏడు కూడా అదే చెప్పాడు.

వీళ్ళ మీదా తను ఇంతసేపు నిప్పులు కక్కింది, వీళ్ళు ఆపింది ఇరవై నిమిషాలు, తను అమ్మ గొంతు నొక్కింది నలభై ఏళ్ళు, హౌస్‌మైస్టర్ గుమ్మం దగ్గర తాళంచెవులు గలగలలాడిస్తున్నాడు, ఆడించుకోనీ, ఇస్సాకు శాలువా తీసి కుర్చీ మీద వేశాడు, నొప్పి పెట్టే వేళ్ళని తీగల మీద సర్దుకున్నాడు, మైకులోనే చెప్పాడు, మా అమ్మ దగ్గర నేర్చుకున్నానండీ, పొగాకు కంపెనీలో ఆకు ఏరేది, పేరు సారమ్మ, అని, చెప్పాక తెలిసింది, ఈ దేశంలో ఆ పేరు తన నోటివెంట రావడం ఇదే మొదటిసారి.