తనంతట తాను నడిచే ఇల్లు

ఎనిమిదిన్నరలోగా తూర్పు కిటికీలు మూసెయ్యాలి. పావుగంట ఆలస్యమైతే గోడలు ఎండ తాగేస్తాయి, తాగిందంతా సాయంత్రం దాకా ఇంట్లోకి కక్కుతూనే ఉంటాయి. తూర్పున మొత్తం పదకొండు కిటికీలు. అవి అయ్యాక పడమటి తెరలు తడిపి కట్టాలి. వంటింటి వాడకం నీళ్ళను వడగట్టే రెల్లు మడిలో జిడ్డు తీయాలి. ఎరువు తొట్లు తిరగెయ్యాలి. వాననీళ్ళ వడపోతలో గులకరాళ్ళు కడగాలి. మట్టిగోడ ఎక్కడ పెచ్చు లేస్తే అక్కడ మట్టీ సున్నం కలిపి మెత్తాలి. ఇంతా చేసి, కాళ్ళు కడుక్కుని ఆమె వంటింట్లోకి వచ్చేసరికి అసలు ఇంటిపని ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆమె భర్త ఆర్కిటెక్టు. ఏసీ లేని, సిమెంటు నామమాత్రంగా వాడిన ఈ ఇల్లు ఆయనకు ఎక్కడలేని పేరూ తెచ్చింది. నెలకో బృందం చూడ్డానికి వస్తుంది. ఆయన వాళ్ళని హాల్లో నిలబెట్టి, గోడ మీద చెయ్యేసి, "ఈ ఇల్లు తనంతట తాను నడుస్తుంది" అంటాడు. ఆ మాట వచ్చే సమయానికి ఆమె సరిగ్గా టీ కప్పులు అందిస్తూ ఉంటుంది.

"నా కొడుకు బుర్రే బుర్ర! కరెంటు మీటరు తిరుగుతోందో లేదో కూడా తెలీదు" అని అత్తగారు మురిసిపోతుంది. మీటరు తిరగట్లేదు సరే, నేను తిరుగుతున్నాను కదా అనుకుంటుంది ఆమె.

ఇల్లంటే ఆమెకు కోపం లేదు. నిజానికి ఇష్టమే. బయట నిప్పులు చెరుగుతున్నప్పుడు లోపల నేల మీద అరికాలు ఆనిస్తే తగిలే చల్లదనం ఆమెకి ప్రాణం. అది ఎలా వస్తుందో ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పగలదు, ఎందుకంటే ఒకప్పుడు సైన్సు టీచరు. ఇల్లు పూర్తయిన ఏడాది ఆయన, "ఇలాంటి ఇంటికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాడు. ఎవరో ఒకరంటే ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆరేళ్ళుగా ఆ ఎవరో ఒకరు ఆమే.

ఆ గురువారం పాత బడి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. ఒక టీచరు పురిటి సెలవులో వెళుతోందట, మూడు నెలలు వస్తావా అని. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తితే ఆయన, "వెళ్ళు, నేనేమన్నా కాదన్నానా? కానీ కిటికీలు ఎవరు మూస్తారు? హరిత భవనం తనిఖీ కూడా ఉందాయె. సర్టిఫికెట్ రానీ, చూద్దాం" అన్నాడు.

వంట ఎవరు చేస్తారని అడిగి ఉంటే పోట్లాడేది. కిటికీలంటే ఏమని పోట్లాడుతుంది? భూమిని కాపాడే పని. భూమి పేరు చెప్తే ఎదుటివాళ్ళ నోరు దానంతటదే మూతపడుతుంది. పెళ్ళైన కొత్తలో అత్తగారు, ఆడదానికి భూదేవంత ఓర్పు ఉండాలమ్మా, అనేది. ఆ భూదేవి ఓర్పు కూడా అయిపోవచ్చిందనే కదా ఈ ఇల్లు కట్టింది!

శుక్రవారం తనిఖీ అధికారి వచ్చాడు. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, చేతిలో ఫారాల కట్ట. మట్టి ఎంత దూరం నుంచి తెచ్చారు, నీళ్ళు ఎంత వాడతారు అంటూ ఒక్కొక్కటే నింపుకుంటూ వచ్చాడు.

"ప్రశ్న ఇరవైమూడు. ఇంటి నిర్వహణకు మనిషి పని రోజుకు ఎన్ని గంటలు?"

"సున్నా" అన్నాడు భర్త. "పనివాళ్ళెవరూ లేరు."

అధికారి కలం కాగితం మీద ఆనింది.

"నాలుగున్నర" అంది ఆమె.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అధికారి కళ్ళజోడు మీదుగా చూశాడు. "ఏంటమ్మా?"

"నాలుగున్నర గంటలు. వానల్లో ఐదు."

భర్త నవ్వేశాడు. "మా ఆవిడ సరదాకి అంటోంది లెండి. సొంత ఇంట్లో చేసుకునేది పని కిందకి ఎలా వస్తుంది?"

"సరదా సంగతి నాకు తెలీదండీ" అన్నాడు అధికారి. " మనిషి చెయ్యి పడకపోతే ఇల్లు ఎంత వేడెక్కుతుందో అది కూడా రాయాలి. సోమవారం ఏదీ ముట్టుకోకుండా వదిలెయ్యండి. థర్మామీటర్లు పెట్టి చూస్తాను."

"సోమవారం నుంచి నేను బళ్ళో ఉంటాను. మీ థర్మామీటర్లకి నా అడ్డు ఉండదు" అంది ఆమె.

అధికారి వెళ్ళాక భర్త మొహం కందగడ్డలా ఉంది. "నలుగురిలో పరువు తీశావు."

"నా పని నాలుగున్నర గంటలని చెప్తే మీ పరువు ఎలా పోయింది?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి వస్తానని చెప్పి, బడికి కట్టుకునే పాత చీరలకి ఇస్త్రీ చేసుకుంది.

సోమవారం ఇల్లు ఆరు డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. సర్టిఫికెట్ వచ్చింది కానీ రెండో తరగతిలో వచ్చింది. పది రోజులు ఆయన మూతి ముడుచుకునే ఉన్నాడు. అయినా గోడలు ఎండ తాగుతుంటే చూస్తూ ఊరుకోలేక, పొద్దున్నే కిటికీల మీద పడేవాడు. ఒకరోజు ఆమె జడ వేసుకుంటుంటే హాల్లోంచి కేక వినబడింది.

"ఈ గడియ ఇంత పైన పెట్టిందెవడు? స్టూలెక్కితే గానీ అందట్లేదు!"

"నువ్వేరా" అంది అత్తగారు, పేపరు లోంచి తలెత్తకుండానే.

ఆ మధ్యాహ్నమే ఆయన కూర్చుని, ఒక్క కడ్డీ లాగితే కిటికీలన్నీ మూతపడేలా గీసుకున్నాడు. వారంలో బిగించాడు. అరగంట పని అర నిమిషమైంది. ఆరేళ్ళలో ఆ ఆలోచన ఎందుకు రాలేదో ఆమె అడగలేదు. ఎవరి కాళ్ళు స్టూలెక్కితే వాళ్ళ బుర్రకే తడుతుంది. ఆ తర్వాత చేసిన ఇళ్ళ ప్లాన్లలో మొదటి కాగితం మీద ఆయన ఒక ప్రశ్న రాయడం మొదలుపెట్టాడు: ఈ పని ఎవరు చేస్తారు? ఎవరో అడిగితే అది తన సిద్ధాంతమన్నాడట. అననీ అనుకుంది ఆమె. ఇళ్ళన్నా మారతాయి. కానీ అది విన్న రాత్రి ఒక మాట మాత్రం ఆయనతో అంది: "మీ సిద్ధాంతానికి నా పేరు కూడా రాయండి." ఆయన పెన్సిలు చేతిలోకి తీసుకుని, "రాస్తాను" అన్నాడు.

మూడో నెల చివర్లో హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. ఆ టీచరు ఇక రానందట. "నువ్వు ఉండిపోతావా? కావాలంటే ఇంటికెళ్ళి అడిగి చెప్పు."

"ఉంటాను" అంది ఆమె, దిద్దుతున్న పేపరు పక్కన పెట్టి.

ఇంట్లో అడగాల్సింది కదా అన్న సంగతి, సాయంత్రం బస్సు దిగి నడుస్తున్నప్పుడు గానీ ఆమెకి తోచలేదు.