తనే వద్దంది

హారిక వంటింటి గడపలో కూర్చుని కారానికి మిరపకాయల ముచ్చికలు తీస్తోంది. పర్చూరు సెంటర్లోని తన ఎరువుల కొట్టుకు బయల్దేరుతూ భర్త ప్రేమ్‌చంద్ ఫోన్లోంచి పెద్దగా చదివాడు.

"'ఇంటిపనికి భార్యకు జీతం ఇవ్వాల్సిందే: విదేశీ కోర్టు.' విన్నావా? రేపు మన ఆడవాళ్ళూ అడుగుతారు."

"ఏ దేశం? కింద వార్త చదివారా?"

"ఎందుకు, హెడ్డింగులోనే ఉందిగా."

"విడాకుల కేసై ఉంటుంది. పైన అలా పెడతారంతే."

"నీకన్నిటికీ అనుమానమే," నవ్వుతూ బండి తీశాడు.

అనుమానం నిజమే. మిర్చి రేటు పడిపోయిందన్నా, ఫలానా ఆకు తింటే షుగరు పోతుందన్నా, ఎవరు చెప్పారో వెతికి చూసుకుంటే గాని నమ్మదు. "మా కోడలు దేవుడొచ్చి చెప్పినా సాక్ష్యం అడుగుద్ది," అని అత్తగారు కోటిరత్నం వచ్చినవాళ్ళందరి ముందూ అంటుంది.

పనయ్యాక, మండుతున్న చేతులు మజ్జిగతో కడుక్కుని, ఆ వార్త వెతికింది. విడాకుల కేసే. కానీ ఆ వార్త పెట్టిన ఒక చర్చా గ్రూపులో దేశదేశాల జనం అసలు వార్తను వదిలేసి, మీ సంస్కృతి ఇదీ, మాది అదీ అని పోట్లాడుకుంటున్నారు. చదువుతూ పోతుంటే భర్త పేరు కనబడింది.

"మా ఆవిడ ఎమ్మెస్సీ. చీరాలలో లెక్చరర్ ఉద్యోగం వస్తే, అత్తగారి సేవ కన్నా అది ఎక్కువ కాదని తనే వద్దంది. అన్నీ డబ్బుతో కొలిచే మీకు ఇది అర్థం కాదు."

కింద బోలెడు పొగడ్తలు. ఎవరో విదేశీ ఆవిడ మాత్రం, ఆ మాట మీ భార్యనే చెప్పమనండి అని రాసింది. "మా ఆడవాళ్ళు ఇలాంటి చోట్ల మాట్లాడరు," అని ప్రేమ్‌చంద్ జవాబు.

'ఉద్యోగం వస్తే.' హారిక ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తల్లో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. దరఖాస్తులో అతని నంబరే రాసింది. "వేరేవాళ్ళకి ఇచ్చారట. రికమెండేషన్ ఉండాలి," అన్నాడు అతను. ఆమె ఏడిస్తే, మనసు తేలికపడుతుందని వాడరేవు బీచికి తీసుకెళ్ళాడు. ఇసుకలో అతని భుజం మీద తల పెట్టుకుని, ఇంత మంచివాడు దొరికాడనుకుంది. ఇన్నేళ్ళుగా అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, ఆ రోజు ఇంటర్వ్యూలో వాళ్ళ ముందు చెప్పిన పాఠాన్ని తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉంది, ఎక్కడ తడబడ్డానా అని. లోకంలో ప్రతి వార్తకీ సాక్ష్యం వెతికే మనిషి ఆ ఒక్క మాటకు మాత్రం వెతకలేదు. చెప్పింది మొగుడు కదా.

మధ్యాహ్నం అతను అన్నానికి వచ్చాక, కంచం పక్కన ఫోన్ పెట్టింది.

"నాకు ఉద్యోగం వచ్చిందా?"

అతను ముద్ద కలుపుతూనే అన్నాడు, "ఎప్పటి సంగతో. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అప్పుడే మొదలయ్యాయి కదా. కాలేజీ వాళ్ళు ఫోన్ చేస్తే నువ్వు రావని చెప్పేశాను."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే వెళ్తానంటావు."

"అన్నం దగ్గర ఇప్పుడెందుకమ్మాయ్ ఆ గొడవ," గదిలోంచి కోటిరత్నం అంది. "వాడు అప్పుడే చెప్పాడు నాకు."

ఇంట్లో తెలియంది తనొక్కదానికే.

"అందులో తప్పేం రాశాను? నిన్ను పొగిడానుగా," అన్నాడు ప్రేమ్‌చంద్.

హారిక ఫోన్ తీసుకుని అతని మాటల కిందే రాసింది: "ఆ భార్యను నేనే. నేను వద్దనలేదు. ఉద్యోగం వచ్చిందని నాకు ఇవాళే తెలిసింది." గదిలోకెళ్ళి చీర మార్చుకుని, బీరువా అడుగునున్న సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని వచ్చేసరికి, అతను ఎంగిలి చేత్తోనే తన ఫోన్ చూస్తున్నాడు.

"అది తీసెయ్. మన కొట్టుకొచ్చే వాళ్ళు కూడా ఉన్నారందులో."

ఆమె చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"చీరాల. కాలేజీల్లో ఖాళీలున్నాయేమో కనుక్కుంటాను."

"నన్నడగవా?"

"అడిగితే వద్దంటారు," అని హారిక బస్టాండు వైపు నడిచింది.